కుట్టు విప్పని ఏడో సంచి

ఆ కబురు నాకు ముందుగా తెచ్చింది మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ. పదకొండు కావస్తోంది. నేను వాకిట్లో కూర్చుని పరుపు అంచు కుడుతున్నాను. ఎవరిదో చొక్కా, సగం ఇస్త్రీ చేసింది, చేతిలో అలాగే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నిన్న నా దగ్గర తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుపోయాడే కాటా ఆయన, పోయాడంటమ్మా. అద్దంకి అవతల కారు తిరగబడిందంట."

నేను సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాను. నా నోటి నుంచి ముందు ఏడుపు రాలేదు. "బెల్టు" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. ఆ కారులో ఎడమ సీటుకి ఉండాల్సిన బెల్టు మా షెడ్డులో ఉంది. నేను నా చేత్తో మూతి కుట్టిన గోనెసంచిలో ఉంది.

ఇది రాద్దామని కూర్చుని లేచిన రోజులు చాలా ఉన్నాయి. నేను బడికి పోలేదు. మా నాన్న దూది తూచే చెక్క మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించాడు, మా అమ్మ నమాజు నేర్పింది. వాళ్ళు ఆ రెండూ ఇచ్చి పోయినందుకు ఇప్పటికీ రోజూ దువా చేసుకుంటాను. ఇవాళ ఆ అక్షరాలు ఈ పనికి వాడుతున్నాను.

మా పుట్టిల్లూ, మెట్టినిల్లూ దూదేకే ఇళ్ళే. పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టివ్వడం మా పని. మాలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి దూది వాళ్ళకే వెళ్ళాలి. విప్పేటప్పుడు ఇంటివాళ్ళ ఎదుట తూచాలి, మూటకట్టి మూతి కుట్టాలి, పేరు రాసిన చీటీ కట్టాలి. ఆ కుట్టు మళ్ళీ వాళ్ళ ఎదుటే విప్పాలి. ఏకినప్పుడు రాలిన దుమ్ముని కూడా పొట్లం కట్టి చేతికివ్వాలి. మా నాన్న భుజాన దూదేకే విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగిన రోజుల్లో ఆ దుమ్ము పొట్లం చూసే జనం మమ్మల్ని నమ్మేవాళ్ళు. "ఇది మన సొమ్ము కాదమ్మా, అప్పగింత" అనేవాడు. ఆయన నోటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట అదే.

ఫోమ్ పరుపులు వచ్చాక మాకు దూది పని తగ్గింది. మా ఆయన కార్ల సీట్లు కుట్టడం నేర్చుకున్నాడు. గుంటూరులో మిర్చియార్డుకి కాస్త దూరంలో మా ఇల్లు, ఇంటి ముందు షెడ్డు. సీట్లతో పాటు కారు లోపలి పనులన్నీ చేసేవాడు. నేను కుట్టు మిషను మీద కవర్లు కుట్టేదాన్ని. దేవుడు ఒక దారి మూసి ఇంకొకటి తెరిచాడని సంతోషపడ్డాం.

రెండు వేసవుల కిందట ఒక అబ్బాయి ఎర్రరంగు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. రెండు తలుపులది, నేలకి ఆనుకున్నట్టు ఉంటుంది. పందేల కార్ల జాతిది, కానీ అతను మన రోడ్ల మీదే తిప్పుతాడు. వాళ్ళది మిర్చి పండించే ఇల్లు, పెద్ద కమతం. అతను మర్యాదగా చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"బాబాయ్, దీని వెయిట్ తగ్గించాలి. ఇంజను జోలికి పోవద్దు. లోపల అక్కర్లేనివన్నీ పీకేయాలి. ఎప్పుడన్నా అమ్మాలంటే మళ్ళీ ఉన్నదున్నట్టు బిగించాలి కాబట్టి ఒక్క స్క్రూ కూడా పోకూడదు."

"పోదు బాబూ. దాని సంగతి మాకొదిలెయ్యి" అన్నాడు మా ఆయన. ఒక్క స్క్రూ కూడా పోకూడదన్న ఆ మాటకే మా ఆయన పనికి ఒప్పుకున్నాడని నాకు తెలుసు.

ఆ వేసవంతా పని సాగింది. వెనక సీటు, స్టెప్నీ టైరు, జాకీ ముందు తీశారు. తర్వాత కార్పెట్లు. కార్పెట్ల కింద నేలకి చప్పుడు రాకుండా తారు పలకలు అంటించి ఉంటాయి. మా ఆయన వాటి మీద ఐసుముక్కలు పరిచి, గట్టిపడ్డాక ఉలితో కొట్టి ఊడదీశాడు. ఏసీ పోయింది, పాటల పెట్టె పోయింది. పక్క అద్దాలు తీసి పల్చటి ప్లాస్టిక్ రేకులు పెట్టారు. తీసిన ప్రతిదీ ఆ అబ్బాయి ఎదుటే తూచి, గోనెసంచిలో వేసి, నేను దబ్బనంతో మూతి కుట్టి, చీటీ రాసి కట్టేదాన్ని. "పిన్నీ, కంపెనీవాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా ప్యాక్ చేయరు" అని నవ్వేవాడు. నాకు గర్వంగా ఉండేది. దాయడం ఎందుకు, చాలా గర్వంగా ఉండేది.

ఇక అన్నయ్య సంగతి, అదే, ఆ కాటా ఆయన. యార్డు దగ్గర లారీలు తూచే కాటా మీద ముప్పై ఏళ్ళుగా పనిచేసిన మనిషి. ఊరు పొదిలి. భార్యని ఊళ్ళో పొలం దగ్గర ఉంచి, తను ఇక్కడ ఒక గదిలో ఉండేవాడు. మా ఆయనకీ ఆయనకీ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునే స్నేహం. నన్ను చెల్లెమ్మా అనేవాడు. రంజాను నెలలో, తను ఉపవాసం ఉండకపోయినా, సాయంత్రం వేళకి ఖర్జూరాలు తెచ్చిచ్చి పోయేవాడు.

యార్డుకి వేసవి సెలవులు, కాటా ఖాళీగా ఉంటుంది. ఒక్కో సంచి నిండాక ఆ కారుని తీసుకెళ్ళి కాటా ఎక్కించేవాళ్ళు. మొదటిరోజు అన్నయ్య అంకె చూసి, అబ్బాయిని చూసి అన్నాడంట.

"ముప్పై ఏళ్ళ నుంచి చూస్తన్నా బాబూ. ఈ కాటా ఎక్కినోడు ప్రతివాడూ ఇంకో నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తే బాగుండనుకునేవాడే. రాత్రికి రాత్రి మిరగాయలకి నీళ్ళు కొట్టుకొచ్చినోళ్ళని చూశా. తగ్గితే బాగుండని మొక్కుకునేవాడివి నువ్వొక్కడివే దొరికావు."

"పది క్వింటాళ్ళ లోపుకి తెస్తా చూడు, కాటా బాబాయ్."

"తే. తెచ్చిన రోజు నన్నెక్కించుకుని మా పొదిలి తీసుకుపోవాలి. మా ఆవిడ ముందు దిగాలి నేను."

"డన్" అన్నాడు అబ్బాయి.

"ఒరేయ్ సాయిబూ, సాక్షి నువ్వేరా. వీడు మాట తప్పితే నీ సంచులన్నీ మళ్ళీ కార్లో వేసి కుట్టెయ్."

ఆరు సంచులయ్యాక కూడా కాటా పది క్వింటాళ్ళకి పది కిలోలు ఎక్కువే చూపించింది. అబ్బాయి షెడ్డులో కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎడమవైపు సీటు ముందు ఆగాడు. పక్కన కూర్చునేవాళ్ళ సీటు అది.

"ఇది తీసేద్దాం బాబాయ్. బెల్టుతో సహా."

"సీటు తీద్దాం. బెల్టు ఉండనియ్యి బాబూ, ఎంత బరువుంటది? రెండు కిలోలు."

"కూర్చునే సీటే లేనప్పుడు బెల్టు ఎవరికి బాబాయ్?"

మా ఆయన స్పానరు అందుకున్నాడు. ఏడో సంచిలో చివర మిగిలిన కార్పెట్ ముక్కలూ, తలుపు లోపలి అట్టా, ఆ బెల్టూ వేశాం. చీటీ మీద నేనే రాశాను, "ఎడమ సీటు బెల్టు, ఇనప చుట్టతో సహా, ఒకటి" అని. రెండు పోగుల పురికొసతో మూతి దగ్గరదగ్గరగా కుట్టాను. లారీల కాటా కదా, అంకె పదేసి కిలోల చొప్పునే మారుతుంది. ఆ సాయంత్రం పది కిలోలు తక్కువ పది క్వింటాళ్ళు చూపించింది. అన్నయ్య కాటా గదిలోంచి బయటికొచ్చి ఈల వేశాడంట.

మాట ప్రకారం పొదిలి ప్రయాణం ఆదివారానికి కుదిరింది. ఆ ఒక్కరోజుకీ ఎడమ సీటు మళ్ళీ పెట్టాలి. పాత సీటు మీది మందపాటి ఫోమ్ అంతా తీసేసి, ఉత్త చట్రం మీదికి నేను పల్చటి దూది మెత్త కుట్టాను. మంగళగిరి నేత గుడ్డ ఒకటి నా దగ్గరుంటే దానికే వాడాను. అన్నయ్య కూర్చుంటాడని దూది నేనే చేత్తో విడదీసి గింజ తగలకుండా పరిచాను.

శనివారం సాయంత్రం కారు మా షెడ్డులో వదిలి అబ్బాయి వెళ్ళిపోయాడు. ఆదివారం తెల్లవారాక మా ఆయన నాలుగు బోల్టులతో సీటు బిగించి నన్ను కేకేశాడు.

"ఆ ఏడో సంచి కుట్టు విప్పవే, బెల్టు కూడా బిగించేస్తా."

"ఆ అబ్బాయి ఎదురుగా కుట్టింది కదా. ఆయనొచ్చాక ఆయన ముందే విప్పుదాం. మనకి మనం విప్పడమేంటి?"

మా ఆయన స్పానరు పక్కన పెట్టాడు. "సరేలే" అన్నాడు. ఆయన కూడా దూదేకే ఇంట పుట్టినవాడే. నేనన్నది తప్పని ఆయనకి తోచలేదు. నాకూ తోచలేదు.

ఏడింటికల్లా అన్నయ్య వచ్చేశాడు. తెల్లచొక్కా, తలకి నూనె, చేతిలో మామిడిపళ్ళ సంచి. కారులోకి వంగి కూర్చోవడానికే రెండు నిమిషాలు పట్టింది. "చెల్లెమ్మా, ఇది కూర్చోడమా, బావిలో దిగడమా?" అన్నాడు. మెత్త మీద అరచేత్తో తట్టి, "దూది మెత్తన. ఇది నీ చెయ్యే" అన్నాడు. తర్వాత ఎడమ భుజం మీదుగా చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకున్నాడు.

"ఇక్కడ నడుముకి కట్టుకునే పటకా ఉండాలే, ఏదీ?"

"సంచిలో ఉందన్నయ్యా. అబ్బాయి రాగానే విప్పి బిగిస్తారు."

"సరే. రానీ."

అబ్బాయి రావడమే గంట ఆలస్యమైంది. ఆకాశం పడమటి వైపు నల్లబడుతోంది. మా ఆయన బెల్టు సంగతి చెప్పాడు. నేను కత్తెర తీసుకుని గుమ్మంలోకి వచ్చాను.

"ఎంతసేపు పడుద్ది బాబాయ్?"

"అరగంట. కింద నుంచి బోల్టు బిగించాలి."

అతను ఫోనులో టైము చూశాడు, ఆకాశం చూశాడు. "వచ్చాక బిగిద్దాంలే. వాన మొదలవకముందే పోవాలి. నిదానంగానే పోతా."

అప్పుడు అన్నయ్య లోపలి నుంచి అన్నాడు. నేను విన్నాను, మా ఆయనా విన్నాడు. "అరగంటేగా బాబూ, బిగించనియ్యి. నాకేం తొందర లేదు. లారీలోళ్ళు చెప్తారు, ఖాళీ బండి వానలో ఆడుద్దని. దీన్ని మరీ ఖాళీ చేసి పెట్టావు."

"నువ్వెక్కావుగా కాటా బాబాయ్, ఇంకెక్కడి ఖాళీ!"

"నాతో డెబ్బై కిలోలు పెరిగిందిగా. మళ్ళీ కాటాకి పోనిస్తావా ఏంటి?" అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆ అరగంట పోయింది. అబ్బాయి సరదా చెడగొట్టడం ఇష్టంలేక ఆయన మళ్ళీ అడగలేదు.

నా చేతిలో కత్తెర అలాగే ఉంది. ఒక్క మాట గట్టిగా అని ఉంటే, సంచిని తెచ్చి వాళ్ళ ముందు పడేసి ఉంటే ఆగేవాళ్ళు. పరాయి ఇంటి బిడ్డ, డబ్బున్న ఇంటి బిడ్డ, గట్టిగా ఎలా అంటామనుకున్నాను. కారు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ప్రయాణం దువా చదివాను. ఆ మనిషి కోరిక తీరుతున్నందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని లోపలికి వచ్చాను. నా జన్మలో చెప్పుకున్న కృతజ్ఞతల్లో నాకు సిగ్గనిపించేది అదొక్కటే.

అద్దంకి దాటాక జల్లు పడిందంట. వేసవి దుమ్ము మీద తొలిజల్లు, రోడ్డు జారుడుగా ఉంది. వెనక బరువు లేని కారు గిర్రున తిరిగి కల్వర్టు గోడని కొట్టింది. అబ్బాయిని అతని బెల్టు పట్టుకుంది, భుజం ఎముక విరిగింది. అన్నయ్యని ఆపడానికి అక్కడ ఏమీ లేదు. మేం పెట్టిన ప్లాస్టిక్ రేకు కూడా ఆపలేదు.

ఆసుపత్రిలో అబ్బాయి చెప్పాడు, "కాటా బాబాయ్ బెల్టు పెట్టుకోలేదు" అని. ఆ మాట యార్డుకి చేరేసరికి, వద్దన్నాడంట అయింది. పొదిలి చేరేసరికి, "లారీల మీద తిరిగినోడికి నాకు బెల్టేంట్రా" అన్నాడంట అయింది. అంత్యక్రియలకి మేం వెళ్ళాం. ఆయన భార్య శవం మీద పడి, "నీ పొగరే నిన్ను తిన్నది గదయ్యా! కట్టుకోమంటే కట్టుకుంటే ఏం పోయింది నీకు!" అని గుండెలు బాదుకుంటోంది. నేను ముందుకి ఒక అడుగు వేశాను. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇప్పుడు కాదే" అన్నాడు.

ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అంటూనే మూడు నెలలు గడిచాయి. మా ఆయనకి భయం. "నోరు తెరిస్తే ముందు అడిగేది నన్నే. ఆ బెల్టు విప్పిన చెయ్యి ఎవరిది? షెడ్డు మూయిస్తారు. ఏం తింటాం?" ఆయన భయం అబద్ధం కాదు. నేను ఐదుపూటలా నమాజు చేస్తున్నాను కానీ దువాకి చేతులెత్తితే మాటలు రావడం లేదు. షెడ్డు గోడ వారన ఆ ఏడు సంచులూ వరసగా నిలబడి ఉన్నాయి.

ఒకరోజు ఇస్త్రీ ఆవిడ బట్టలివ్వడానికొచ్చి, మాటల్లో, "ఎవరేం చెప్పినా వినని మనిషంటగమ్మా ఆయన? చూస్తే అట్లా అనిపించలేదు. చొక్కా మడత కూడా నేను చెప్పినట్టే పెట్టించుకున్నాడు" అంది.

నేను లోపలికి వెళ్ళి మా ఆయనతో అన్నాను. "వినని మనుషులం మనం. ఆయన పేరు మనం మూటకట్టి దాచుకున్నాం. ఎవరి సొమ్ము వాళ్ళకి ఇవ్వాలి కదా?"

 మా ఆయన లేచి వెళ్ళి ఏడో సంచి భుజానికెత్తుకున్నాడు.

ముందు ఆ అబ్బాయి ఇంటికే వెళ్ళాం. సంచి అతనిది. అతని ఎదుటే విప్పాలి. చెయ్యి ఇంకా కట్టుతోనే ఉంది, మనిషి సగమైపోయాడు. నేను కత్తెరతో కుట్టు తెంపి బెల్టు బయటికి తీశాను. అతను తలెత్తలేదు.

"నేను అబద్ధం చెప్పలేదు పిన్నీ. పెట్టుకోలేదనే చెప్పా."

"అబద్ధం చెప్పలేదు బాబూ. ఆయన అడిగాడని మాత్రం చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఇప్పుడు పొదిలి వెళ్ళి చెప్పొస్తాం."

 అతను "తీసుకుపోండి" అన్నాడు. అది అనుమతో, మమ్మల్ని పంపించేయడమో తెలియదు. కానీ ఆపాలంటే ఆపగలిగిన ఇల్లు వాళ్ళది, ఆపలేదు. అందుకు అతనికి రుణపడి ఉన్నాను.

పొదిలిలో ఆయన భార్య వసారాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి పీట చూపించింది. నేను పీట మీద కూర్చోలేదు, నేల మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. సంచి సంగతి, కుట్టు సంగతి, నేనే విప్పనివ్వని సంగతి. ఆమె చేతులు తొడిమలు తీస్తూనే ఉన్నాయి. ఒక్కచోట ఆగాయి.

"అడిగాడా?"

"అడిగాడు వదినా."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. ఒకసారి నన్ను, ఒకసారి ఆ అబ్బాయిని."

ఆమె బెల్టు ఒళ్ళోకి తీసుకుంది. పట్టీ కొస పట్టుకుని గట్టిగా లాగింది. టక్కుమని పట్టేసింది. ఇంకోసారి లాగింది. మళ్ళీ పట్టేసింది.

"పంజేస్తానే ఉందే ఇది" అంది.

పట్టీని మళ్ళీ చుట్టలోకి పోనిచ్చింది.

"మూణ్ణెల్ల నుంచి ఆయన్ని తిడతన్నా నేను. ఫొటో ముందు అన్నం పెట్టేది కూడా తిట్టుకుంటానే పెడతన్నా" అంది. ఏడవలేదు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు, క్షమించాననీ అనలేదు. లేచి రెండు చెంబులతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. "తాగి లెగండి. బస్సు పోద్ది" అంది. ఆ నీళ్ళు తాగాం. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. ఆ నీళ్ళ మీద ఆశ పెట్టుకునే హక్కు నాకు లేదు. అయినా ఇచ్చింది కదా అనుకుంటాను.

తిరిగొచ్చిన మర్నాడు మా ఆయన స్టేషనుకి వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు. ఏడు సంచులూ, ఆ బెల్టూ, నా చేతిరాత చీటీలతో సహా, పోలీసులు తీసుకెళ్ళారు. కేసు నడుస్తోంది. కార్ల పని పోయింది. ఇప్పుడు మళ్ళీ పరుపులు కుడుతున్నాం. ఆయన భయపడినట్టు పస్తులైతే లేవు, దేవుడి దయ. మా నాన్న కట్టుబాటు తప్పని నేననను. అది దూదికి సరిపోయింది. దూది ఒక పూట ఆలస్యంగా ఇల్లు చేరితే ఎవరూ చచ్చిపోరు. ఎక్కడ కుట్టు విప్పాలో ఎవరూ నాకు నేర్పలేదు. ఎదురుగా మనిషి కూర్చుని అడుగుతున్నప్పుడు ఇంకొకరు నేర్పాల్సిన పని లేదు కూడా.

యార్డులో ఇప్పటికీ కొందరు ఆ పాత మాటే చెప్పుకుంటున్నారని విన్నాను. అందుకే ఇది రాశాను. ఇది చదివినవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. నన్ను గుర్తుంచుకోవద్దు. ఎప్పుడైనా కారులో ఎడమవైపు కూర్చుని భుజం మీదుగా చెయ్యి వెనక్కి పోనిచ్చినప్పుడు ఆ కాటా మనిషిని ఒక్కసారి తలుచుకోండి. తెల్లచొక్కా వేసుకుని, ఒళ్ళో మామిడిపళ్ళు పెట్టుకుని, భార్యని చూడబోతున్న మనిషి. ఆయన వద్దనలేదు. ఆయన అడిగాడు, రెండుసార్లు అడిగాడు.